రోమ్‌లో మా ఆవిడ పంది మాంసం తినలేదు

పోయిన నెల మా అమ్మాయి కాలేజీ స్నేహితులతో ఇటలీ వెళ్లి, రోమ్ నగరంలో ఏదో సందులోని రొట్టెల దుకాణం ముందు సగం తిన్న శాండ్‌విచ్ పట్టుకుని ఫోటో దిగి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. దాని వెనకే ఇక్కడ అమెరికాలో పుట్టిన పిల్లల తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "డాడీ, గెస్ వాట్! ఇక్కడ పెపెరోని అంటే మీట్ కాదంట, బెల్ పెప్పర్స్ అంట! అమ్మ తిన్నది వెజ్జే! మీ పార్టీ స్టోరీ టోటల్లీ రాంగ్!" ప్లేనోలో మా వంటింట్లో నిలబడి మా ఆవిడ దాన్ని రెండుసార్లు వింది. కాసేపటికి నా వైపు తిరిగి, "పోన్లెండి, మీకు మాత్రం అప్పుడేం తెలుసు" అంది.

ఆ మాటే నాచేత ఇది రాయిస్తోంది. ఎందుకంటే నాకు తెలుసు. రోమ్‌లో ఉండగానే తెలుసు.

ఇరవై ఏళ్లు దాటిన సంగతి. అప్పట్లో మేం అమెరికాలోనే హెర్న్‌డన్ అనే ఊళ్లో ఒక చిన్న అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం, పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆఫీసువాళ్లు నన్ను మూడు రోజుల పని మీద రోమ్ పంపిస్తే, ఇంకో నాలుగు రోజులు సెలవు కలుపుకుని మా ఆవిడను కూడా తీసుకెళ్లాను. నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనం ఏ దేశం వెళ్లినా సూట్‌కేసులో సగం బట్టలుంటే సగం తిండి ఉండేది. మేమూ చిన్న రైస్ కుక్కరు, చింతకాయ పచ్చడి, ఒక డబ్బాడు నల్లకారం పట్టుకెళ్లాం. కుక్కరు పెట్టిన మొదటిరోజే హోటల్ గదిలో కరెంటు పోయి, కిందనుంచి మనిషి పైకి వచ్చి చేతులు తిప్పుతూ ఏదో అన్నాడు. మాకు భాష రాకపోయినా భావం అర్థమైంది కనుక మర్నాటినుంచి బయటే తినడం మొదలుపెట్టాం.

రోమ్‌లో చవకగా తినడం ఒక విద్య, అందులో మా ఆవిడ నాకంటే ముందు ఆరితేరింది. కాఫీ కూర్చుని తాగితే ఒక ధర, కౌంటరు దగ్గర నిలబడి తాగితే దానిలో సగం కూడా ఉండదని పక్కవాళ్లను చూసి కనిపెట్టింది తనే. ఏ వీధి చివర చూసినా ఇనుప కుళాయి నుంచి చల్లటి నీళ్లు ధారగా పడుతుంటాయి కాబట్టి సీసా నీళ్లు కొనక్కర్లేదని గమనించింది తనే. బల్లల మీద తెల్లగుడ్డలు పరిచిన హోటళ్లను వదిలేసి, పిజ్జాను పెద్ద పళ్లేల్లో పరిచి, అడిగినంత మేర కత్తెరతో కత్తిరించి, కూరగాయల్లా తూకం వేసి కాగితంలో చుట్టి ఇచ్చే దుకాణాలకు నన్ను లాక్కెళ్లింది కూడా తనే. అక్కడ బంగాళాదుంప ముక్కలు పలచగా పరిచిన పిజ్జా ఒకటి ఉండేది. మెట్ల మీద కూర్చుని దానిమీద నల్లకారం చల్లుకుని తింటుంటే, దుకాణం పెద్దావిడ బయటికొచ్చి తనకూ కాస్త చల్లమని చెయ్యి చాపింది. నోట్లో వేసుకుని దగ్గి, కళ్ల నీళ్లు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపింది. అంత రుచిగా నేను ఏ పెద్ద హోటల్లోనూ తినలేదు.

నా పని అయిపోయి సెలవు మొదలైన రెండో రోజు మధ్యాహ్నం ఆ గొడవ జరిగింది. ఒక రొట్టెల దుకాణంలో గాజు పెట్టె వెనక శాండ్‌విచ్‌లు వరసగా పేర్చి, ఒక్కోదాని ముందు చేత్తో రాసిన చీటీ పెట్టారు. నేను వరసలో వెనక ఉండగా మా ఆవిడ ఒకటి వేలితో చూపించి కొనేసుకుని, బయటికి నడుస్తూ కొరికింది. నేను ముందుకొచ్చి చీటీ చూస్తే పెపెరోని అని ఉంది. అమెరికాలో శాకాహారి అయిన ప్రతి తెలుగువాడూ మొదటి వారంలో నేర్చుకునే మాట పెప్పరోని, అంటే పంది మాంసం, పశు మాంసం కలిపిన ఎర్రటి బిళ్లలని. చీటీలో ఒక అక్షరం తక్కువుంది, మన లెక్కలో ఒక 'ప' వత్తు లేదు. దుకాణంవాడికి స్పెల్లింగు రాదనుకున్నాను. ఇటలీలో నిలబడి, వాడి భాషలో మాట వాడు తప్పు రాశాడనుకున్నానంటే నా తెలివి ఎంతటిదో మీరే ఊహించుకోండి.

పరుగున వెళ్లి ఆవిడ చేతిలోది లాక్కున్నాను. లోపల ఎర్రగా, నూనె కారుతూ, మెత్తగా జారిపోతున్న ముక్కలు కనిపించాయి. నిప్పుల మీద కాల్చి తోలు తీసిన కాప్సికం అలా ఉంటుందని నాకు తెలియదు. మాంసం ఎలా ఉంటుందో అంతకంటే తెలియదు.

"ఉమ్మెయ్, ఉమ్మెయ్! అది పంది మాంసం!"

"కాదండీ, కాప్సికంలా ఉంది. తియ్యగా ఉంది."

"నీకేం తెలుసు? నిన్నగాక మొన్న అమెరికా వచ్చావు. నేను అయిదేళ్లనుంచి చూస్తున్నాను!"

వీధిలో అందరూ చూస్తుండగా కుళాయి దగ్గర నోరు కడుక్కుంది. ఆ పూట ఇంకేమీ తినలేదు. మర్నాడు ఫోన్ కార్డు గీకి ఇండియా మాట్లాడుతూ, నవ్వుకోవడానికని ఆ సంగతి మా అమ్మకు చెప్పాను. మా అమ్మ నవ్వలేదు. కోడలిని ఫోన్ దగ్గరికి పిలిపించి, తెలియక జరిగిందానికి దోషం లేదమ్మా, అయినా మనశ్శాంతికి పదకొండు శనివారాలు ఒక్కపొద్దుండి స్వామికి దణ్ణం పెట్టుకో అంది.

ఆ ఫోను పెట్టేసిన గంటకే మేం కూరగాయల సంతకు వెళ్లాం. మా ఆవిడ ద్రాక్షపళ్లు ఏరుకుంటోంది. పక్క బండి మీద ఎర్రవీ పసుపువీ కాప్సికాలు గుట్టగా పోసి, మధ్యలో గుచ్చిన అట్టముక్క మీద పెపెరోని అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాలుగడుగుల దూరంలో ఆవిడ వీపు నాకు కనబడుతోంది. పిలిచి చూపిస్తే అయిపోయేది. ముందురోజు వీధిలో అరిచిన అరుపులూ, అయిదేళ్ల అనుభవమూ గుర్తొచ్చి, ఎండగా ఉంది పద అని చెయ్యి పట్టుకుని అవతలి వైపు నడిపించాను.

తర్వాత దాన్ని కథగా మార్చాను. హెర్న్‌డన్‌లోనూ, ప్లేనో వచ్చాక తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లోనూ, నలుగురు చేరితే చాలు, రోమ్ కథ చెప్పమని ఎవరో ఒకరు అడిగేవారు. నేను మా ఆవిడ గొంతు అనుకరించి "కాప్సికంలా ఉందండీ" అంటే ఇల్లంతా నవ్వేది. ఇది చదివే ఇక్కడి మనవాళ్లలోనూ కొందరు విని నవ్వే ఉంటారు. ఆవిడ కూడా పళ్లేలు సర్దుతూ నవ్వేది. పదకొండు శనివారాలు ఎప్పుడో అయిపోయాయి, కానీ ఆవిడ ఒక్కపొద్దు మానలేదు. అలవాటైందేమో, ఆరోగ్యానికీ మంచిదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

అమ్మాయి మెసేజ్ వచ్చిన నాలుగో రోజు, ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపి, ఇంజన్ ఆపకుండానే ఆవిడకు అంతా చెప్పాను. సంత, అట్టముక్క, ద్రాక్షపళ్లు.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నీ ముందు చిన్నబోతానని."

కార్ట్‌లు తోసుకుంటూ పోయేవాళ్లను చూస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"రెండే రెండు కొరుకులండీ. ఎంత బాగుందో! మీరు లాగేసుకున్నాక కూడా ఇంకొంచెం తింటే బాగుండనిపించింది. పంది మాంసం నా నోటికి రుచించిందేమిటి, నేనేం మనిషిని అనుకున్నాను. అందుకే మానలేదు శనివారాలు. తిన్నందుకు కాదు, నచ్చినందుకు."

ఇంజన్ ఆపాను. తనే తలుపు తీసి, "దిగండి, పెరుగు తీసుకోవాలి" అంది.

ఇప్పటి పిల్లలు బోర్డు మీద ఫోను పెడితే చాలు, ఏ దేశపు మాటైనా అర్థమైపోతుంది. మా అమ్మాయిని ఎవరూ అలా అరిచి ఒప్పించలేరు, అది మంచిదే. మా రోజుల్లో కొత్త ఊళ్లో కొత్త పెళ్లికూతురికి బోర్డులు చదివిపెట్టేది మొగుడే. తన నాలుక చెప్పినదానికంటే నేను చెప్పిందే నిజమని నమ్మిందావిడ. అంత నమ్మకం ఇప్పుడు ఎవరూ ఎవరి మీదా పెట్టుకోనక్కర్లేదు. పెట్టినప్పుడు నేను దాన్ని ఏం చేశానో మీకు చెప్పాను.

పోయిన శనివారం సాయంత్రం నేనే వంట చేసి, బల్ల మీద రెండు కంచాలు పెట్టి పిలిచాను. కాదనకుండా వచ్చి కూర్చుంది. నాలుగు మెతుకులు కలిపి నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి నవ్వి, "ఆకలి వెయ్యట్లేదండీ, శనివారం కదా" అంటూ కంచం పక్కకు జరిపింది.