మొదటి ఓటుకి వెళ్లిన బస్సు

అక్కా బావల ఇంట్లో ఉండి చదువుకుంటున్న నాకు అదే మొదటి ఓటు. గాజువాక బస్సులో బావ వెనక సీట్లోంచి, “నాను సెప్పిన గుర్తే నొక్కాల. మిషన్లో స్లిప్పు వస్తాది, నాకు తెలిసిపోద్ది. తేడా వస్తే కాలేజీ మానిపించేస్తాను,” అన్నాడు.

పక్కన కూర్చున్న ఆవిడ వేలికి అప్పటికే సిరా ఉంది. కిటికీలోంచి చూస్తూనే, “ఆ స్లిప్పు డబ్బాలోనే పడిపోద్దమ్మా. ఎవులికీ సూపించరు,” అని గొణిగింది.

“ఏటి మాటాడతన్నారు?” బావ ముందుకు వంగాడు.

“ఈ పిల్ల స్టాపు అడిగింది బాబూ,” అంటూ ఆవిడ నా మణికట్టు గట్టిగా నొక్కి వదిలింది.

బూత్‌లో నాకు నచ్చిన గుర్తే నొక్కాను. బయట బావ, “నాను సెప్పిందేనా?” అని అడిగాడు.

“సెప్పను బావా,” అన్నాను.

మర్నాడు పొద్దున కాలేజీకి బయల్దేరాను. బావ గుమ్మంలో నిలబడి చూశాడు, ఆపలేదు.