అక్క రాసిన ఇంగ్లీషు వాక్యం

నిన్న సాయంత్రం పక్కింటి కోడలు పరీక్షల పుస్తకం పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. "మాస్టారూ, ఈ ఖాళీలో ఫోర్స్‌ఫుల్ రావాలా, ఫోర్స్‌డ్ రావాలాండీ?" అని అడిగింది. టెక్కలిలో ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ణి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. గాలికో, వాదనకో, మనిషి గొంతుకో దానంతట దానికి ఉన్న బలం మొదటిది. ఎవరో మెడ మీద చెయ్యి వేసి చేయించినది రెండోది. అలాగే చెప్పాను, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాయించాను. ఆ అమ్మాయి వెళ్ళాక మా ఆవిడ వచ్చి, నేను ముట్టని టీ గ్లాసు తీసుకుని, లోపలికి వెళ్ళిపోయింది. ఫోర్స్‌ఫుల్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

మా అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. తొమ్మిదో తరగతి కాగానే ఉద్దానంలో కొబ్బరితోట, నాలుగు జీడిచెట్లు ఉన్న ఇంటికి కోడలుగా వెళ్ళింది. బావ నెమ్మదైన మనిషి. కోపం వస్తే తోటలోకి వెళ్ళి రాలిన మట్టలన్నీ ఏరి కుప్ప వేసి వచ్చేవాడు. తోట శుభ్రంగా ఉందంటే ఇంట్లో ఏదో జరిగిందని మేం నవ్వుకునేవాళ్ళం. ఆ ప్రాంతంలో ఎంతోమందికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీల జబ్బు వచ్చింది. బుధ, శనివారాలు పలాసలో డయాలసిస్. శనివారం బడి అయ్యాక నేనూ బస్సెక్కి వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి.

అలాంటి ఒక శనివారం అక్క ఉన్నట్టుండి, "నా ముందరే ఈయన గురించి డాట్రలు ఇంగిలీసులో మాటాడుకుంతారురా. నానేదో గోడనైనట్టు. నాకూ నేర్పు" అంది. యాభై దాటిన మనిషి. నేను నవ్వితే నవ్వలేదు. పై వారం ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళాను. వారానికి నాలుగు మాటలు ఇస్తే, వాటితో సొంత వాక్యాలు రాసి చూపించాలి. మిగతా మాటల సంగతెలా ఉన్నా ఫోర్స్‌ఫుల్ మాత్రం ఆవిడకి తెగ నచ్చింది. అర్థం చెప్పగానే, "అంటే మన సముద్రంలాగన్నమాట" అంది. ఆ వారం సముద్రం ఫోర్స్‌ఫుల్, తుఫాను గాలి ఫోర్స్‌ఫుల్, చచ్చిపోయిన అత్తగారి గొంతు కూడా ఫోర్స్‌ఫుల్. 'హీ ఈటింగ్ ఫోర్స్‌ఫుల్' అని రాస్తే ఎర్రసిరాతో రెండు సున్నాలు చుట్టి, ఈజ్ ఏదీ, చివర లీ ఏదీ అని నిలదీశాను. మంచం మీద, చేతికి గొట్టాలతో పడుకున్న బావ, "మీ అక్క వారానికి నాలుగు మాటలు నేర్సుకుంతంది బామ్మర్దీ. అయ్యన్నీ నామీదే వాడతంది" అని నవ్వాడు. దిద్దడంలో నేను ఎవర్నీ వదిలేవాణ్ణి కాదు. పాత విద్యార్థులు పెళ్ళి శుభలేఖ ఇస్తే అందులోనూ తప్పులు దిద్దుతానని ఊళ్ళో చెప్పుకునేవారు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఏడాది తిరిగేసరికి డయాలసిస్ బావ ఒంటికి సరిపడటం మానేసింది. కిడ్నీ మారిస్తే మంచిదన్నారు. అక్కది సరిపోయింది. విశాఖపట్నంలో పరీక్షలన్నీ అయ్యాక, ఒక కమిటీ అనుమతి ఇవ్వాలన్నారు. కిడ్నీ ఇచ్చే మనిషి తన ఇష్టంతోనే ఇస్తున్నానని, తనకొచ్చిన భాషలో, స్వయంగా నాలుగు ముక్కలు రాసివ్వాలి. తెలుగులో రాయమన్నాను. అక్క వినలేదు.

ముందురోజు సాయంత్రం లాడ్జి గదిలో ఆ కాగితం బావకి చదివి వినిపించింది. నాలుగు వాక్యాలు. మొదటి మూడూ నేను నేర్పినట్టే ఉన్నాయి. నాలుగోది 'మై గివింగ్ ఈజ్ ఫోర్స్‌ఫుల్.' మనసులో గట్టిగా అనుకుని ఇస్తున్నానని ఆవిడ ఉద్దేశం. నా చెయ్యి జేబులో పెన్ను మీదికి వెళ్ళింది. ఆ మాట అక్కడ కుదరదు, తప్పుగా అర్థమయ్యే ప్రమాదం కూడా ఉంది. ఈలోగా బావ వాచిన కాళ్ళు నేలమీద ఆనించి లేచి కూర్చున్నాడు. "నాకోసం ఇంగిలీసు కూడా రాసేసినావేటే!" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క నావైపు చూసింది. "బాగుందక్కా" అన్నాను.

మర్నాడు అక్కని ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. అరగంట తర్వాత తెల్లబోయిన ముఖంతో బయటికొచ్చింది. "నన్నెవలో బలంతం సేసినారని నానే రాసినానంటన్నార్రా. కాదంటే నమ్మట్లేదు." నేను లోపలికి పరుగెత్తి ఆ మాటకి అర్థం చెప్పాను. పెద్దాయన ఒకాయన ఓపిగ్గా విని, "మీరు ఆవిడ తమ్ముడు. మీ మాట మీద మేం సంతకం పెట్టలేమండీ. ఆవిడ కొడుకునీ, అత్తింటివాళ్ళనీ కూడా తీసుకురండి, విడివిడిగా మాట్లాడతాం" అన్నాడు. మళ్ళీ కమిటీ కూర్చునేది మూడు వారాలకి. వాళ్ళని తప్పుపట్టలేను. మొగుడు గుమ్మం బయట కూర్చుని ఉండగా ఆడమనిషి అలాంటి కాగితం ఇస్తే నేనైనా ఆగేవాణ్ణే.

మెట్లు దిగుతూ అక్క, "తప్పు రాసీసినానేట్రా?" అని అడిగింది. "నువ్ బాగానే రాసినావక్కా. ఆళ్ళకే తెలీలేదు" అన్నాను.

పదహారో రోజున బావకి చలిజ్వరం పట్టుకుంది. చేతి నరం పనికిరాకుండా పోయాక డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన గొట్టం నుంచి రక్తంలోకి విషం పాకిందన్నారు. రెండు రోజుల్లో పోయాడు. ఆపరేషన్ అయి ఉన్నా ఇలా జరగొచ్చు, జరక్కపోనూ వచ్చు అన్నారు డాక్టరు. మొదటి ముక్క అందరూ విన్నారు. రెండోది నేను ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ ఏడు వానాకాలంలో అక్క దగ్గరికి వెళ్ళాను. తోటలో రాలిన మట్టలు ఏరుతోంది. నేనూ ఏరడం మొదలుపెట్టాను. నడుం వంచే ఉండి అడిగింది.

"ఆ మాట తప్పని నీకు లాడ్జిలోనే తెలుసు కదా?"

తల ఊపాను.

"ఊరందరికీ దిద్దుతావు. నాకెందుకు దిద్దలేదురా?"

"బావ ముందర నిన్ను సిన్నబుచ్చలేకపోనానక్కా."

మోపు కట్టి, తాడు బిగించి, దానిమీద చెయ్యి ఆనించి నిలబడింది. "ఆయన మాత్రం ఆ సాయంత్రం మురిసిపోనాడులే" అంది. మోపు పక్కకి తోసి, "వంకాయ కూర వొండినాను. తినేసి ఎల్లు" అంది.

తిన్నాను. అక్క ఎప్పటిలాగే కొసరి కొసరి వడ్డించింది. ఇప్పటికీ నేను వెళితే అలాగే వడ్డిస్తుంది. మనవల ముచ్చట్లు, జీడిపిక్కల ధర, వానల సంగతులు అన్నీ చెబుతుంది. ఏదైనా నేర్పమని మాత్రం మళ్ళీ అడగలేదు. ఎనిమిదేళ్ళు ఎలా గడిచాయో తెలియలేదు గాని, లాడ్జి గదిలో పెన్ను తీయకుండా నేను ఊరుకున్న ఆ అరనిమిషం నాకింకా గడవలేదు.