మేత సంచి పక్కన విసిరిన వల

బ్యాలెన్స్ షీటు చదవడం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. మా ఆయన పోయాక తాడేపల్లిగూడెంలో ఇల్లు ఖాళీ చేసి, ఏలూరులో మేడమీద రెండు గదులు తీసుకుని ఆ విద్యతోనే బతుకుతున్నాను. పగలంతా ఫోనులో ఎవరితో మాట్లాడినా పన్నుల గొడవే. సాయంత్రమయ్యేసరికి టీవీలో వార్తలు చదివేవాళ్లతో పోట్లాటకు దిగుతాను. వాళ్లేమీ అనుకోరు.

అందుకే ముదినేపల్లి వైపున్న చేపల కంపెనీ పనంటే నాకు ప్రాణం. అన్నదమ్ములు తమ చెరువులన్నీ కలిపి పెట్టుకున్న కంపెనీ అది. లెక్కలు చూడటానికి వెళ్తే వాళ్లలో పెద్దాయన భార్య భోజనం పెట్టకుండా పంపేది కాదు. "వదినగారూ, ఇంకాస్త పులుసు వేసుకోండీ" అనేది. నన్ను వదినా అని పిలిచే మనిషి ఆవిడొక్కతే. దాచడమెందుకు, ఒక పూట పనిని రెండు పూటలు సాగదీసేదాన్ని.

ఈ ఏడు పెద్దాయన ఇల్లు తాకట్టు పెట్టి, అప్పు తెచ్చి, మరికొన్ని చెరువులు లీజుకు తీసుకుందామనుకున్నారు. బ్యాంకువాళ్లు బ్యాలెన్స్ షీటు అడిగారు. "లాభం బాగానే ఉంది కదండీ, తయారుచేసి ఇచ్చెయ్యండమ్మా" అన్నారు పెద్దాయన.

లాభం చూసి మురిసిపోయేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. లాభం ఆ ఒక్క ఏడాది కబురు. కంపెనీకి ఏమేం ఉన్నాయి, ఎవరెవరికి ఎంత ఇవ్వాలి, అన్నీ పోగా ఏం మిగులుతుంది అన్నది చెప్పేది బ్యాలెన్స్ షీటు. పాత ఏళ్లవి కూడా పక్కపక్కన పెట్టుకుని చూశాను. బ్యాంకులో డబ్బు ఏటేటా సన్నబడుతోంది. మేత అమ్మేవాళ్లకు ఇవ్వాల్సింది పెరుగుతోంది. అయినా కంపెనీ నిండుగా కనిపిస్తోందంటే కారణం ఒకే ఒక్క పద్దు, చెరువుల్లో ఉన్న చేపలు. ఇంకా పట్టని, అమ్మని చేపల విలువే లాభాన్ని కూడా లావు చేస్తోంది.

నీళ్లలో చేపల్ని ఎవరు లెక్కపెట్టారని అడిగాను.

"వల విసిరి, పడినదాన్నిబట్టి అంచనా కడతామండీ. మీరే చూద్దురుగాని రండి" అని పడవ ఎక్కించారు.

అక్కడ మేతను చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి, చెరువులో పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల చుట్టూ మూగుతాయి. పెద్దాయన సరిగ్గా సంచి పక్కనే వల విసిరారు. వల నిండా తళతళమంటూ కట్ల చేపలు. "చూశారా అండీ!" అన్నారు. ఆ మొహంలో మోసం లేదు. ప్రతి ఏడూ అక్కడే విసరడం, వల నిండడం, అదే లెక్క చెరువంతటికీ కట్టేసుకోవడం.

నోరు మూసుకుంటే ఒడ్డున వేడివేడి అన్నం, పులుసు నా కోసం సిద్ధంగా ఉన్నాయి. కానీ ఇల్లే పోతే ఆవిడ నాకెక్కడ వడ్డిస్తుంది?

"అన్నయ్యగారూ, సంచులు లేనిచోట, నడిమధ్యన ఒకసారి వెయ్యండి" అన్నాను.

వేశారు. కాస్త నాచు, వేలెడంత చేపలు రెండు వచ్చాయి. పడవ జరిపి మళ్లీ వేశారు. మళ్లీ అంతే. ఆయన వల చుట్టేసి పడవను ఒడ్డుకు తిప్పారు.

ఆ రోజు నన్ను భోజనానికి ఉండమని ఎవరూ అనలేదు. ఆయన అప్పు తీసుకోలేదని, ఇల్లు తాకట్టుకు పోలేదని తర్వాత తెలిసింది. లెక్కల పని మాత్రం ఇంకొకరికి అప్పగించారు. నామీద కోపం కాదు, తమ్ముళ్ల ముందు చిన్నబోయాననుకుని ఉంటారు. అది అర్థమైనా ఏడుపాగలేదు. ఇల్లు నిలబెట్టాను, ఆ ఇంట్లో నా చోటు పోగొట్టుకున్నాను.

మొన్న ఆదివారం ఆటో అతనొకడు మెట్లెక్కి వచ్చి సంచి అందించాడు.

"అమ్మగారు పంపారండీ. వదినగారికి ఇవ్వమన్నారు. అయ్యగారికి తెలీదండీ."

లోపల పెద్ద కట్ల, ఇంటిల్లిపాదికీ సరిపోయేంత. ఆవిడ పెట్టినట్టే పులుసు పెట్టాను. ఇంకాస్త వేసుకోమనేవాళ్లు లేరు. అయిపోయేదాకా ఒక్కదాన్నే తిన్నాను.