సంతకం పెట్టని మెకానిక్

ఆ చిన్న విమానాల మైదానంలో మెకానిక్ ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్నాడు. ఎగరడమంటే ఆయనకి పెద్ద గొప్పేం కాదు. "పైకి ఎవడైనా పోతాడు. దిగేటప్పుడు తెలుస్తుంది ఎవడి సత్తా ఏంటో," అనేవాడు. సొంత విమానాలు కొనుక్కున్న బాబుల్లో ఆయన దగ్గర పాసు మార్కులు తెచ్చుకున్నవాళ్లు ముగ్గురో నలుగురో. వాళ్లలో ఒకడైన పళ్ల డాక్టరు ఆ దరిదాపుల్లో కూడా లేడు.

డాక్టరుకి నాలుగు సీట్ల విమానం ఉంది, భుజాల మీద బంగారు చారలున్న చొక్కా ఉంది. లేనిదల్లా ఓపిక. దిగేటప్పుడు వేగం తగ్గించకుండా దూసుకొచ్చి, విమానం ముక్కుని నేలకి గుద్ది, కప్పలా గెంతుకుంటూ ఆగేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అలాగే మూడు గెంతులు గెంతి, షెడ్డు ముందుకొచ్చి దిగాడు.

"గాలి తోసేసిందయ్యా," అన్నాడు.

బయట ఆకు కూడా కదలడం లేదు. "ఏ గాలి సార్?" అన్నాడు మెకానిక్.

విమానం కింద వెల్లకిలా పడుకుని చూస్తే, ముందు చక్రాన్ని పట్టుకునే చోట రేకు ముడతలు పడి ఉంది. దాన్ని బిగించే రివెట్లు రెండు ఊడిపోయాయి. లేచి, ఎగరకూడదని ఎర్ర చీటీ కట్టేశాడు.

"రేపు మా మామగారిని తిప్పుతానని మాటిచ్చాను. ఒక్కసారికి ఏం కాదులే," అన్నాడు డాక్టరు.

"పన్ను ఊగుతుంటే మీరూ అలాగే చెప్పి పంపించేస్తారా సార్?"

షెడ్డు నడిపేది మెకానిక్ సొంత అల్లుడే, అతనికీ మెకానిక్ లైసెన్సు ఉంది. "మామయ్యా, మంచి గిరాకీ. చూసీ చూడనట్టు పోకూడదా?" అని బతిమాలాడు. విమానం ఎగరొచ్చని మెకానిక్ సంతకం పెట్టలేదు. మర్నాడు పొద్దున వచ్చేసరికి చీటీ మాయమైంది, విమానం పుస్తకంలో అల్లుడి సంతకం ఉంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

అప్పటికే డాక్టరు మామగారు, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన, ఒక కాలు విమానంలో పెట్టాడు.

"ఎక్కకండయ్యా. ముందు చక్రం విరిగేలా ఉంది. నిన్న నేను ఆపిన విమానం ఇది," అన్నాడు మెకానిక్.

పెద్దాయన డాక్టరు మొహంలోకి ఓసారి చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

పరువు పోయిన డాక్టరు ఒక్కడే ఎగిరిపోయాడు. అరగంటకి తిరిగొచ్చి, ఎప్పటిలాగే గుద్దాడు. ఈసారి గెంతలేదు. ముందు చక్రం మడుచుకుపోయి, విమానం ముక్కుతో నేల గీసుకుంటూ గడ్డిలోకి పోయింది. మెకానిక్ మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తాడు. బెల్టు కోసి, నెత్తురు కారుతున్న మనిషిని బయటికి లాగాడు.

డాక్టరు నోట వచ్చిన మొదటి మాట, "నువ్వు సరిగ్గా బాగుచెయ్యలేదు."

మెకానిక్‌కి ఆ మనిషిని ముట్టుకున్నందుకే అసహ్యమేసింది. అయినా అంబులెన్సు దాకా మోశాడు.

విచారణకొచ్చిన అధికారి సంతకం ఎవరిదని అడిగితే, "మా అల్లుడిది," అన్నాడు. అల్లుడి లైసెన్సు ఏడాది పాటు రద్దయింది. కూతురు ఫోన్ చేసి ఏడ్చింది.

"అబద్ధం ఆడమనలేదు నాన్నా. నోరు మూసుకుని ఉంటే సరిపోయేదిగా."

"ఆ పొద్దున కూడా మూసుకునే ఉంటే ఆ పెద్దాయన అందులో ఉండేవాడు తల్లీ."

రెండు నెలలు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. తర్వాత అల్లుడే వచ్చి, చొక్కా చేతులు మడిచి, "ఏం చెయ్యమంటావు మామయ్యా?" అన్నాడు.

"విమానం కింద పడుకో. ముందు చూడ్డం నేర్చుకో."

డాక్టరు మాత్రం కుట్లు మానకముందే ఇంకా పెద్ద విమానం కొని, వేరే మైదానంలో పెట్టుకున్నాడట. ఆ కబురు విని మెకానిక్, "కొనడానికి పరీక్ష లేదుగా," అని పానా అందుకున్నాడు.