అత్త కట్టిన ఆముదపాకు

మా వీధిలో ఎవరికి కాన్పయినా ముందు మా మేనత్తకే కబురు వెళ్ళేది. అద్దంకి దగ్గర మిరపా, పత్తీ పండించే ఊరు మాది. అత్త నాన్నకు అక్క. ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. బాలింతకు పాలు గడ్డకడితే కాపడం పెట్టించేది, పాలు మాన్పించాలంటే మల్లెపూలు కట్టించేది. మిరపకోత నుంచి వచ్చిన తల్లి చేతులకు మజ్జిగ రుద్ది కడుక్కుని, రవిక మార్చుకునేదాకా బిడ్డను ముట్టుకోనిచ్చేది కాదు. బిగుతు రవికలు వద్దు, నూలువి కుట్టించుకోండి అనేది. పొలానికి నడిచే వెళ్ళండి, కాచిన నూనె మళ్ళీ కాచకండి, రోజూ ఆకుకూర తినండి అనేది. ఆవిడ వెనక నవ్వుకునేవాళ్ళం, కానీ అన్నీ చేసేవాళ్ళం. ఆ అలవాట్లలో ఒక్కటీ తప్పు కాదు. ఇవాళ్టికీ నేను పాటిస్తున్నాను. నాకు ఒళ్ళు మండేదీ అందుకే.

తొంభైల చివర్లో ఒక ఏడు సింగరాయకొండలో మొక్కుందంటూ అత్త వెళ్ళి చాలా రోజులు రాలేదు. తిరిగొచ్చేసరికి సగానికి సగం చిక్కిపోయింది, తల నున్నగా గొరిగించుకుని ఉంది. నీలాలిచ్చింది కాబోలు అనుకున్నాం. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు నెలనెలా వెళ్ళొచ్చేది. కుడి భుజం పట్టేసిందని చెప్పి, పొద్దున్నే పశువుల కొట్టం గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను మెల్లగా పైకి పాకించేది.

"ఏంటత్తా, గోడకి చక్కిలిగింతలు పెడుతున్నావా?" అని ఆటపట్టించేదాన్ని.

"నవ్వవే నవ్వు. నా వయసొస్తే నీకూ తెలుస్తుంది," అనేది.

ఆ తర్వాతే ఆడవాళ్ళకు మరో అలవాటు నేర్పింది. తలంటి రోజున ఒంటికి నూనె రాసుకునేటప్పుడు రొమ్ములు చంకదాకా తడిమి చూసుకోమని పోరేది. ఈ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారని మాలో ఎవరమూ అడగలేదు. అత్తకు తెలియనిది ఉంటుందా అనుకునేవాళ్ళం.

మూడు నాలుగేళ్ళ తర్వాత, కల్లంలో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, అలా తడుముకుంటుంటేనే అమ్మ చేతికి శనగగింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని నేరుగా ఎదురింటికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. అత్త చంకదాకా తడిమి చూసింది.

"మిరప ఘాటే. పొద్దస్తమానం కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నావు కదా, వేడి చేసింది," అంది. ఆముదపాకు వెచ్చచేసి తనే స్వయంగా కట్టింది.

మా వైపు ఒంట్లో ఏ నలత వచ్చినా కల్లం వేడి మీదికే నెట్టేస్తాం. అమ్మ ఇట్టే నమ్మింది. రోజూ ఆకు కట్టింది, మజ్జిగ తాగింది, కల్లానికి వెళ్ళడం మానేసింది. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంది.

"గుంటూరు వెళ్ళి చూపించుకోనా వదినా?" అని ఒకసారి భయంభయంగా అడిగింది.

"కత్తి పెట్టారంటే ఒళ్ళంతా పాకుద్ది. నా మాట విను," అంది అత్త.

అప్పటికే అత్త కూతురికి సంబంధం కుదిరింది. వేసవిలో ముహూర్తం. అమ్మ ఆకు కట్టు మీదే రవిక వేసుకుని ఆ పెళ్ళిలో అరిసెలు వండింది, వడ్డనలు చేసింది. పిల్లను అత్తారింటికి పంపిన మర్నాడే అత్త మా ఇంటికొచ్చి, "ఇక ఆలస్యం చెయ్యకండి, గుంటూరు తీసుకెళ్ళండి," అంది. పెళ్ళి అలసటలో కూడా మా అమ్మను మరిచిపోలేదని ఆవిడ చేతులు కళ్ళకద్దుకున్నాను.

డాక్టరు గారు అమ్మ చంక కింద తడమగానే ఆయన ముఖం మారిపోయింది. ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగారు. చెప్పాం.

"మీ అలవాట్లన్నీ మంచివేనమ్మా. కానీ గడ్డ చేతికి తగిలిన రోజునే రావాల్సింది," అన్నారు.

ఆపరేషన్ అయింది. చెయ్యి బిగుసుకుపోకుండా వ్యాయామం నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చింది. అమ్మను గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్ళను గోడమీద మెల్లగా పైకి పాకించమంది. అచ్చం అత్త పశువుల కొట్టం గోడ దగ్గర చేసినట్టే. సింగరాయకొండ మొక్కు, గుండు, భుజం నొప్పి, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

మర్నాడు అత్త బత్తాయిలు పట్టుకుని వచ్చింది.

"అత్తా, నీ భుజానికి కూడా ఇలాంటి ఆసుపత్రిలోనే చేశారా?" అని అమ్మ ముందే అడిగాను.

బుకాయిస్తుందనుకున్నాను. సంచీ కింద పెట్టి, పైట భుజాల చుట్టూ లాక్కుని కూర్చుంది.

"అప్పుడు పిల్లకి సంబంధాలు చూడటం మొదలెట్టాం. తల్లికి ఆ జబ్బని తెలిస్తే ఎవరు చేసుకుంటారే?"

"మరి అమ్మ సంగతి? అమ్మ గడ్డ ఏంటో నీకు తెలుసుగా?"

"ఆసుపత్రికి పొమ్మంటే ఎందుకు, ఏమిటని అడుగుతారు, నాది కూడా బయటపడుద్ది. ఒకే ఇంట్లో ఇద్దరికి అంటే మగపెళ్ళివారు ఆగుతారా? ముహూర్తం దాకా ఏం కాదులే అనుకున్నా."

నేను అరిచాను. ఏమన్నానో గుర్తులేదు గానీ, నర్సు వచ్చి నన్ను బయటికి వెళ్ళమంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీకు పూర్తిగా నయమైపోయిందా వదినా?"

"ఆఁ, నయమైంది," అంది అత్త తలవంచుకునే.

అమ్మ గొంతులో కోపం కూడా లేదు.

"నాకూ పెళ్ళి చెయ్యాల్సిన పిల్ల ఉంది కదా వదినా," అంది.

ఆ తర్వాత అమ్మ రెండు మిరప పంటలు చూసింది, అంతే. నా పెళ్ళికి పసుపు కొట్టే రోజున ఆచారం ప్రకారం ముత్తైదువులతో పాటు అత్త కూడా వచ్చి, అమ్మ నిలబడాల్సిన చోట నిలబడి రోకలి కోసం చెయ్యి చాపింది. నలుగురూ చూస్తుండగానే ఆ రోకలి నేను లాక్కున్నాను.