తొక్కు జాడీ దొంగ

మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటర్ పాడైంది. ఇప్పుడు ఫ్యానుకు రెండే స్థితులు: తుఫాను, లేదా సెలవు. ఎలక్ట్రీషియన్ మూడు వారాలుగా రేపొస్తానంటున్నాడు. మాట మీద నిలబడే మనిషి, ఇవాళా అదే అన్నాడు. నిన్న మధ్యాహ్నం విసుగొచ్చి దాన్ని ఆపేసి కూర్చున్నాను. మెడ మీద చెమట మెల్లగా జారుతుంటే, ఆ ఉక్కలో ఎక్కడినుంచో బొమ్మల మట్టి వాసన ముక్కుకు తగిలింది. ఇంట్లో అలాంటి మట్టి లేదు. సుగుణ మేడం గుర్తొచ్చారు.

అశోక్‌నగర్‌లో ఓ డాబా మీది గదిలో ఆమె మట్టిబొమ్మలతో ఇంటిల్లిపాదీ చూసే నవ్వుల సినిమా తీసేవారు. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్లీ కదిపి ఇంకో ఫోటో. రోజంతా కష్టపడితే మూడు సెకన్ల సినిమా. బొమ్మల నూలు జుట్టు ఎగురుతుందని ఆ గదిలో ఫ్యాను వేసేవారు కాదు. నేను అప్పటికి అదే వీధిలో పోటీ పరీక్షలకు నాలుగేళ్లు చదివి, ఏమీ సాధించకపోవడంలో మంచి అనుభవం గడించాను. గంటల తరబడి కదలకుండా కూర్చోగలవా అని అడిగారామె. అదొక్కటే వచ్చన్నాను. పనిలో పెట్టుకున్నారు.

సినిమాలో ఒక అపార్ట్‌మెంట్‌లో మామిడికాయ తొక్కు జాడీ మాయమవుతుంది. అనుమానితులు ఐదుగురు. దొంగ ఎవరో మాత్రం నాకు చెప్పలేదు. కారణం మొదటి వారమే చెప్పారు.

“తెలిస్తే నీ చెయ్యి ఊకోదు. దొంగను దొంగ లెక్కనే నడిపిస్తవు. తెల్వకుంటే అందరి మీద ఒక్క తీరు అనుమానం ఉంటది.”

నాకది బాగా నచ్చింది. ఇప్పటికీ నేను ముఖం చూసి ఎవరినీ తప్పుపట్టను. అందరినీ సమానంగా అనుమానిస్తాను. అది ఆమె నేర్పిన విద్య.

బయట ఆమె వేరే మనిషి. చిక్కడపల్లి బజారులో బొమ్మ చేతికి సరిపడే బుట్ట కోసం గంటసేపు వెతికితే, పాప వయసెంతని దుకాణదారు అడిగాడు. అరవై, మీసాలు కూడా ఉన్నాయని చెప్పారు. గదిలోకి రాగానే ఆ మాటలన్నీ ఆగిపోయేవి. మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర, నేను గుమ్మం దగ్గర టిఫిన్ డబ్బాలు తెరిచేవాళ్లం. ఒకరోజు, వాచ్‌మన్ బొమ్మ మీద నీకేమన్నా అనుమానముందా అని అడిగారు. నాకు తెలియకూడదు కదా మేడం అన్నాను. ఆమె సగం తిన్న డబ్బాకు మూత పెట్టేశారు.

రెండేళ్లు అలా గడిచాయి. ఒక ఉదయం వెళ్లేసరికి గదికి తాళం. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. ఐదో రోజు లేరు. ఆమెకు ఒంట్లో బాగుండటం లేదని కూడా నాకు అప్పుడే తెలిసింది.

సినిమాలో ఇంకా మూడు నిమిషాలు మిగిలాయి. దొంగ దొరకాల్సింది అందులోనే. ఎలాగైనా పూర్తి చేయాలని మేడం కథ రాసుకున్న నోటు పుస్తకాలన్నీ తిరగేశాను. చివరి పేజీలు తెల్లగా ఉన్నాయి. వారం రోజులు ఆ గదిలో ఒక్కణ్ణే ఐదు బొమ్మల ముందు కూర్చున్నాను. ఎవరూ నేరం ఒప్పుకోలేదు.

గది ఖాళీ చేయడానికి అంబర్‌పేట్ నుంచి వాళ్ల అక్క వచ్చారు. ఇద్దరం బొమ్మలను పాత చీర ముక్కల్లో చుట్టాం. ఆఖరి బొమ్మ చుడుతూ, దొంగ ఎవరో మేడం మీకేమైనా చెప్పారా అని అడిగాను. ఆవిడ తలెత్తలేదు.

“దానికే తెల్వది. నువ్వు అడిగితే ఇద్దరు కూసొని ఆలోచన చేద్దామని చూసింది. రెండేండ్లు పక్కపక్కన కూసున్నరు, ఒక్కనాడన్న నోరు తెర్వకపోతివి.”