నీళ్లు వంచాకే తూకం

డబ్బా బఠాణీలను నీళ్లు వంచకుండా తూచేవాళ్లను యోనా మనుషుల్లో జమకట్టడు. ఈ సంగతి పక్కింటి రుక్మిణమ్మకు శంషాబాద్ సూపర్‌మార్కెట్లో తెలిసింది. నీళ్లు వంచాక రెండొందల నలభై గ్రాములని డబ్బా మీద రాసి ఉంది. యోనా డబ్బా కొన్నాడు, అక్కడే మూత తీశాడు, సంచిలోంచి జల్లెడా త్రాసూ బయటపెట్టాడు.

“పద్దెనిమిది గ్రాములు తక్కువుంది సారూ.”

“నీళ్లతో కలిపి తూచండి, సరిపోతది,” అన్నాడు మేనేజరు.

“నీళ్లకు మా ఇంట్ల నల్లా ఉంది.”

మేనేజరు నవ్వాడు. యోనా నవ్వలేదు. వెనక వరుస కాటేదాన్ దాకా పెరిగేలా ఉంది. చివరికి మేనేజరు ఇంకో డబ్బా చేతిలో పెట్టి దండం పెట్టాడు. యోనా దాని మూత కూడా తీయబోతుంటే రుక్మిణమ్మ రెక్క పట్టి లాక్కొచ్చింది.

యోనా విమానాలకు భోజనం పంపే వంటశాలలో పళ్లేలకు కూరలు తూచి తూచి రిటైరైన మనిషి. చర్చిలో పంచే కేకు ముక్కను కూడా అరచేతిలో ఎగరేసి, “నలభై రెండు,” అనేవాడు. పాస్టరుగారు ఆయన్ని రెండో వరుసలోంచి చివరి వరుసకు మార్చారు.

యోనా ఇంటి పైగదిలో కిరాయికుండే షెకీనా ఎయిర్‌పోర్టు కౌంటర్లో పనిచేస్తుంది. ఎయిర్‌హోస్టెస్ ఇంటర్వ్యూ దగ్గర పడుతోందని ప్రతి ముద్దనూ కేలరీల కింద ఫోనులో ఎక్కిస్తుంది. వండుకునే తీరిక లేదు కాబట్టి బఠాణీ, మొక్కజొన్న, రాజ్మా డబ్బాలే తిండి. ఒక్కోటి వంద గ్రాములు. గింజ ఎక్కువైతే తీసి పక్కన పెడుతుంది. పోయిన నెల కౌంటర్ దగ్గరే కళ్లు తిరిగి పడింది. బాగా తినమని దవాఖానలో చెప్తే బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి మళ్లీ వందే అంది. అప్పట్నుంచి తూచే పని యోనా నెత్తినేసుకున్నాడు.

రుక్మిణమ్మకు అక్కడే అనుమానం పుట్టింది. చదివింది రెండో తరగతే అయినా, షాద్‌నగర్ సంతలో ముప్ఫై ఏళ్లు కూరగాయలమ్మింది. ఏ వేలు ఏ తక్కెడ కింద దూరుతుందో ఆవిడకు తెలియంది లేదు. మూడు రోజులు కిటికీలోంచి కాపు కాసింది. యోనా త్రాసు మీద గిన్నె పెడతాడు, గిన్నెలో లావుపాటి గరిటె పెడతాడు, మీట నొక్కుతాడు. త్రాసు అంకె సున్నాకొస్తుంది. తర్వాత గరిటె చప్పుడు కాకుండా తీసేస్తాడు. బఠాణీలు పోసి, “వంద!” అని అరుస్తాడు. పిల్ల అంకె తప్ప గిన్నె చూడదు.

నాలుగో రోజు షెకీనా డ్యూటీకి పోగానే రుక్మిణమ్మ కొంగు బిగించి వచ్చింది.

“ఏం యోనా, కడుపు మాడ్చుకునే పిల్ల కంచంల గూడ చెయ్యి పెడ్తివా?”

“జర మెల్లగ అక్కా.”

“మెల్లగెందుకు? గల్లీ అంత ఇననీ. గా గరిటె సంగతేంది? సంతల నీ అసుంటోళ్లను మస్తుమందిని చూసిన.”

యోనా గిన్నెలో గరిటె పెట్టి సున్నా చేశాడు. గరిటె తీసేసి బఠాణీల జల్లెడ ఆవిడ చేతికిచ్చాడు.

“వంద అయ్యేదాక పొయ్యి.”

పోసింది. ఇంకా పోసింది. గిన్నె సగం దాటినా వంద కాలేదు. రుక్మిణమ్మ చెయ్యి ఆగింది. కొట్టేసే తూకాలు ఎన్నో చూసింది. పెట్టే దొంగ తూకం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“గరిటె ఎనభై గ్రాములు,” అన్నాడు యోనా నేల చూస్తూ. “పిల్ల వందని రాసుకుంటది, నూటా ఎనభై తింటది. మూడు డబ్బాలకు మూడుసార్లు. పది రోజులసంది కళ్లు తిరుగుతలేవు.”

“మరి ఇంటర్వ్యూల బరువు చూస్తె?”

“కళ్లు తిరిగి పడిపోయే పిల్లను విమానం ఎక్కిస్తరా అక్కా?”

రుక్మిణమ్మ వంద అయ్యేదాకా మిగతా బఠాణీలు పోసింది. గల్లీలో ఇది ఎవరూ నమ్మరు. సందు దొరికిందని యోనా అసలు సంగతి బయటపెట్టాడు.

“మా చెల్లె జయశీలకు మోకాలి ఆపరేషన్. రేపు పోతున్న, నాలుగు రోజులు రాను. నువ్వు తూచాలె.”

“నేనా? ముప్ఫై ఏండ్లల్ల ఒక్కనాడు దొంగ తూకం తూచలే!”

“అందుకే నువ్వు వందంటె పిల్ల నమ్ముతది. గరిటె తీసేటప్పుడు మాత్రం దాన్ని మాటల్ల పెట్టు. ఎవర్నన్న తిట్టు. ఎవరు యాదికి రాకుంటె నన్నే తిట్టక్కా.”